పెద్ద హారను, సన్న తీగ

ఈ ఏడాది సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి అడిగినప్పుడు, “ఏదైనా అంటే ఏమిటోయ్?” అన్నాను. “సైన్సు విషయమే రాయండి మాష్టారూ, కాని మాకు పనికొచ్చేది రాయండి” అన్నాడు. మా భౌతికశాస్త్ర విభాగం కిటికీ కిందనే సైకిలు స్టాండు వుంది. పేరుకు సైకిలు స్టాండే గాని, అందులో సైకిళ్ళను ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ మోటారు సైకిళ్ళు. వాటిలో చాలావాటికి కంపెనీ వాళ్ళు బిగించిన హారను వుండదు. దాని స్థానంలో అంతకు రెండింతలున్న గుండ్రటి బిళ్ళో, నత్తగుల్ల ఆకారంలో వుండే జోడీయో వేలాడుతూ వుంటుంది. సాయంత్రం నాలుగున్నరకు అవన్నీ ఒక్కసారి కూయడం మొదలుపెడితే నా ప్రయోగశాలలో శ్రుతిదండం చప్పుడు వినపడదు. అంచేత నాకూ వాళ్ళకూ ఉమ్మడిగా పనికొచ్చే విషయం ఇదేనని నిశ్చయించుకున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. హారను మార్చుకోవడమే తప్పని నేను అనను. బజారులో తిరిగే బండికి కంపెనీ వాళ్ళిచ్చిన చిన్న హారను చాలు. కాని సెలవులకు విజయవాడ–విశాఖపట్నం జాతీయ రహదారి మీద బండేసుకుని ఇళ్ళకు వెళ్ళే కుర్రాళ్ళు మన కాలేజీలో చాలామందే వున్నారు. పది చక్రాల లారీ పక్కనుంచి దాటుతున్నారనుకోండి. డ్రైవరు అద్దాలు ఎత్తుకున్నాడు, లోపల పాటలు పెట్టుకున్నాడు, మిమ్మల్ని చూడలేదు, లారీ నెమ్మదిగా మీవైపు జరుగుతోంది. ఆ క్షణంలో హారను పలకాలి. అక్కడ పలక్కుండా గొంతు పూడిపోయే పెద్ద హారను చిన్న హారనుకంటే ప్రమాదకరం. ఎంచేతంటే, పెద్ద హారను వుందన్న ధైర్యంతోనే కదా మనం అంత దగ్గరగా వెళ్ళింది! నేను చూసినంతలో ఆ గొంతు పూడిపోవడానికి కారణం హారనులో వుండదు, దానికి బలం మోసుకొచ్చే తీగలో వుంటుంది. ఈ వ్యాసమంతా ప్రధానంగా ఆ తీగ గురించే.

అయితే ముందు హారను ఎలా అరుస్తుందో తెలియాలి. మోటారు కార్లు వచ్చిన కొత్తలో రబ్బరు బుడ్డి నొక్కి పోం పోం అనిపించేవారు. 1908 ప్రాంతంలో అమెరికాలో మిల్లర్ రీస్ హచిసన్ అనే ఇంజనీరు క్లాక్సన్ అనే హారను తెచ్చాడు. అందులో ఒక పళ్ళచక్రం తిరుగుతూ ఇనుప రేకుకున్న బొడిపెను గీరుతుంది, రేకు కీచుమంటుంది. ఇదే హచిసన్ అంతకుముందు చెవిటివారికోసం విద్యుత్ వినికిడి యంత్రం కూడా తయారుచేశాడు. ఈ యంత్రాలు అమ్ముడుపోవడం కోసమే ఆయన క్లాక్సన్ కనిపెట్టి జనాన్ని చెవిటివాళ్ళను చేశాడని ఆ రోజుల్లో ఒక చమత్కారం పుట్టింది. మన సైకిలు స్టాండు దగ్గర నిలబడితే అది చమత్కారం లాగ అనిపించదు.

ఇప్పుడు మన బళ్ళకున్న హారను సూత్రం ఇంట్లో వుండే పాతకాలపు కరెంటు గంటదే. లోపల ఒక విద్యుదయస్కాంతం. దాని ఎదురుగా, అంచుల దగ్గర గట్టిగా బిగించిన పలచని ఉక్కు రేకు. ఆ రేకు మధ్యలో చిన్న ఇనుప కడ్డీ. కరెంటు పారగానే అయస్కాంతం కడ్డీని లాగుతుంది. లాగిన కడ్డీ లోపలున్న రెండు కాంటాక్టు పాయింట్లను విడదీస్తుంది. అవి విడిపోగానే కరెంటు ఆగుతుంది, రేకు స్ప్రింగులాగా వెనక్కి పోతుంది, పాయింట్లు మళ్ళీ కలుస్తాయి, మళ్ళీ లాగుతుంది. సెకనుకు సుమారు 400 సార్లు ఇలా జరుగుతుంది. ఈ పాయింట్లు విడిపోయినప్పుడల్లా తీగచుట్టలో ఎదురు వోల్టేజి పుడుతుంది, చిన్న నిప్పురవ్వ వస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. హారను అంటే దీపం లాగ నెమ్మదస్తుడైన గిరాకీ కాదు. కరెంటును కుదుపులు కుదుపులుగా లాక్కుంటుంది.

బజారులో దొరికే జోడీ హారన్లలో ఒకదాని మీద ‘ఎల్’ అనీ రెండోదాని మీద ‘హెచ్’ అనీ గుద్ది వుంటుంది. మొదటిది తక్కువ శ్రుతి, సుమారు 330 నుంచి 350 కంపనాలు. రెండోది ఎక్కువ శ్రుతి, సుమారు 400 నుంచి 420. సంగీతం తెలిసినవాళ్ళకు ఈ దూరం షడ్జమానికీ గాంధారానికీ మధ్య దూరమని తోస్తుంది. రెండూ ఒకేసారి మోగినప్పుడు నిండుగా వినపడుతుంది. ఒక శ్రుతి ఎదుటి బండి ఇంజను రొదలో కలిసిపోయినా రెండోది తేలుతుంది. ధర కలిసొస్తుందని రెండూ ‘హెచ్’వే కొనేవాళ్ళున్నారు. అలా చెయ్యకండి. ఒకటి 420, రెండోది 424 అయిందనుకోండి, సెకనుకు నాలుగు విస్పందనాలు వచ్చి చప్పుడు ఊగిసలాడుతుంది. ఇంటర్మీడియెట్‌లో చదివిన పాఠమే.

ఇక ఎంత పెద్ద చప్పుడు? ఇక్కడే కొట్టువాళ్ళు మనల్ని తికమక పెడతారు. డెసిబెల్లు లాగరిథం లెక్క. 100 డెసిబెల్ల హారను పక్కన అలాంటిదే ఇంకొకటి పెడితే 200 కాదు, 103 అవుతుంది. శక్తి రెట్టింపయితే 3 డెసిబెల్లే పెరుగుతాయి. శక్తి పదింతలయితే 10 పెరుగుతాయి, అప్పుడు మన చెవికి సుమారుగా ‘రెండింతలు గట్టిగా’ వున్నట్టు తోస్తుంది. అంచేత “రెండు పెట్టాను మాష్టారూ, డబుల్ సౌండ్” అనేది ఉట్టి మాట. మంచి జోడీ పెట్టినందువల్ల లాభం సంఖ్యలో లేదు, ఒక్కో హారనూ పాతదానికంటే బలమైనది కావడంలో వుంది, రెండు శ్రుతులు కలవడంలో వుంది.

ఆ పది డెసిబెల్ల వల్ల రోడ్డు మీద ఏం ఒరుగుతుందో లెక్క వేద్దాం. ఆరుబయట దూరం రెట్టింపయినప్పుడల్లా చప్పుడు 6 డెసిబెల్లు తగ్గుతుంది. 2 మీటర్ల దగ్గర 105 వుంటే 4 మీటర్ల దగ్గర 99, 8 దగ్గర 93, 16 దగ్గర 87, 32 దగ్గర 81. ఈ లెక్కన 10 డెసిబెల్లు ఎక్కువున్న హారను, పాతది 20 మీటర్ల దగ్గర ఎంత వినిపించేదో అంత 63 మీటర్ల దగ్గర వినిపిస్తుంది. అంటే 43 మీటర్లు ముందుగా. ఎదురుగా వచ్చే బండికీ మీకూ మధ్య దూరం గంటకు 80 కిలోమీటర్ల వేగంతో తరిగిపోతూ వుంటే, అంటే సెకనుకు 22 మీటర్ల చొప్పున, మీకు దొరికింది సుమారు రెండు సెకన్లు. రెండు సెకన్లు చిన్నవేం కావు. ఒక డ్రైవరు తల తిప్పి చూసి, చక్రం సరిచేసుకోవడానికి చాలు. హారను మార్చడానికి నేను ఒప్పుకునే కారణం ఇదొక్కటే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మా విభాగంలోనే మూడో సంవత్సరం చదివే కుర్రాడు ఒకడు తన 350 సి.సి. బండికి జోడీ హారను కొనుక్కొచ్చాడు. పాత హారను విప్పి, దానికి వచ్చే రెండు తీగలనే కొత్త రెండింటికీ కలిపి మెలేసి, టేపు చుట్టాడు. మొదటి రోజు బాగానే మోగిందట. వారం తిరిగేసరికి మూలగడం మొదలుపెట్టింది. “కొట్టువాడు మోసం చేశాడండీ, ఇది డూప్లికేటు సరుకండీ” అని నా దగ్గరికి పట్టుకొచ్చాడు. హారను రెండు కొసలకూ వోల్టుమీటరు తగిలించి బొత్తాం నొక్కమన్నాను. బ్యాటరీ దగ్గర పన్నెండు దాటి చూపిస్తున్న మీటరు, హారను దగ్గర పదిన్నర కిందే ఆగింది. “ఏమయ్యా, మిగతా రెండు వోల్టులూ ఎవరు తిన్నారు?” అంటే కుర్రాడు తల గోక్కున్నాడు. ఓం సూత్రం మీద పదికి పది మార్కులు తెచ్చుకున్నవాడే!

తిన్నది ఎవరో చూడండి. బండిలో హారను కరెంటు బ్యాటరీ నుంచి బయల్దేరి ఫ్యూజు దాటి, తాళం స్విచ్చికి వెళ్ళి, అక్కణ్ణించి హ్యాండిలు మీద బొత్తానికి ఎక్కి, దిగి, ముందున్న హారనుకు చేరుతుంది. దారి పొడవు మూడు మీటర్లనుకుందాం. కంపెనీ వాళ్ళు వేసేది సన్న తీగ, అర చదరపు మిల్లీమీటరు అనుకోండి. రాగి నిరోధం ప్రకారం మీటరుకు 0.034 ఓములు, మూడు మీటర్లకు 0.1 ఓము. దారిలోని తొడుగు జాయింట్లు, తాళం స్విచ్చి, బొత్తాం, తుప్పు పట్టిన ఎర్తు కలిసి మరో 0.15 వేసుకుందాం. మొత్తం 0.25 ఓము. పాత హారను 2 ఆంపియర్లు తీసుకుంటే దారిలో పోయేది అర వోల్టు. ఎవరికీ తెలియదు. కొత్త జోడీ ఒక్కోటి 4 ఆంపియర్లు తీసుకునే రకమైతే మొత్తం 8 ఆంపియర్లు. ఇప్పుడు దారిలో పోయేది 2 వోల్టులు. కుర్రాడి రెండు వోల్టులూ దొరికాయి.

వోల్టులు పోవడం ఒక ఎత్తు, అవి వేడిగా మారడం మరో ఎత్తు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు నాలుగింతలైతే వేడి పదహారింతలు. హ్యాండిలు బొత్తాం లోపల వుండే కాంటాక్టు మినపగింజంత వుంటుంది. దాని నిరోధం 0.1 ఓము అయితే, 2 ఆంపియర్ల దగ్గర 0.4 వాట్లు పుడతాయి, 8 దగ్గర 6.4 వాట్లు. దానికి తోడు నేను ఇందాక చెప్పిన నిప్పురవ్వలు. రోజూ కాస్త కాస్త నల్లబడి నిరోధం ఇంకా పెరుగుతుంది, పెరిగిన నిరోధం ఇంకా వేడెక్కుతుంది. చివరికి బొత్తాం మైనంలాగ మెత్తబడి అతుక్కుపోతే హారను ఆగకుండా మోగుతూనే వుంటుంది. లేదా అసలు మోగదు. ఆ కుర్రాడి బొత్తాం విప్పి చూస్తే లోపల ప్లాస్టిక్కు గోధుమరంగుకు తిరిగి వుంది.

ఇంకొక ప్రమాదం వుంది, దీన్ని ఎవరూ ఆలోచించరు. ఆ దారిలోనే సిగ్నలు దీపాలూ, బ్రేకు దీపమూ ఒకే ఫ్యూజు మీద బతుకుతూ వుంటాయి. కొన్ని బళ్ళల్లో ఇంజను నిప్పు కూడా ఆ ఫ్యూజు మీదే. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 నిబంధన వచ్చాక మన కొత్త బళ్ళల్లో చాలావాటికి కార్బ్యురేటరు పోయి ఎలక్ట్రానిక్ ఇంజక్షను వచ్చింది, పెట్రోలు పంపు కూడా కరెంటు మీదే నడుస్తుంది. లారీ పక్కన వుండి హారను నొక్కినప్పుడు ఫ్యూజు పోయిందనుకోండి. హారను పోయింది, బ్రేకు దీపం పోయింది, ఇంజను కూడా ఆగింది. దీనికి మించిన అవస్థ ఏముంటుంది? ఫ్యూజు పోతోందని 10 ఆంపియర్లది తీసి 30 పెట్టే మహానుభావులున్నారు. అప్పుడు ఫ్యూజుకు బదులు తీగే కాలుతుంది, అదీ పెట్రోలు ట్యాంకు కింద.

దీనికంతటికీ విరుగుడు రిలే అనే చిన్న డబ్బా. ఖరీదు హారను ధరలో ఒక చిన్న వంతు. లోపల ఒక తీగచుట్ట, ఒక బలమైన కాంటాక్టు. చుట్ట నిరోధం సుమారు 85 ఓములు. పన్నెండు వోల్టులకు అది తీసుకునేది 0.14 ఆంపియరు మాత్రమే. హ్యాండిలు బొత్తాం ఇక ఆ కాస్త కరెంటునే ఆపుతుంది, వదులుతుంది. కంపెనీ హారనుతో మోసిన బరువులో పద్నాలుగో వంతు. 8 ఆంపియర్ల బరువంతా రిలే కాంటాక్టు మోస్తుంది, దాని మీద 30 అనో 40 అనో ఆంపియర్లు రాసి వుంటాయి. జమీందారు కోట గుమ్మం తలుపు తానే తోయడు కదా, బంట్రోతుకు సైగ చేస్తాడు. బొత్తాం చేసేది ఆ సైగ.

రిలే అడుగున కాళ్ళ మీద అంకెలుంటాయి. ఈ అంకెలు జర్మను ప్రమాణం నుంచి వచ్చి ప్రపంచమంతటా పాకాయి. 30 అన్నది బ్యాటరీ నుంచి వచ్చే తీగ. 87 అన్నది హారనుకు వెళ్ళే తీగ. 85, 86 చుట్ట రెండు కొసలు. ఇప్పుడు చెప్పే కిటుకు మీరు ఏ బండికైనా వాడుకోవచ్చు. పాత హారనుకు వచ్చిన రెండు తీగలనూ తీసి 85కూ 86కూ తగిలించండి. అంతే. కొన్ని బళ్ళల్లో బొత్తాం పాజిటివు వైపు వుంటుంది, కొన్నింటిలో హారనుకు ఎప్పుడూ పాజిటివు వుండి బొత్తాం ఎర్తు వైపు వుంటుంది. మీది ఏ రకమో తెలుసుకోనక్కర్లేదు. పాత హారను స్థానంలో చుట్ట కూర్చుంటుంది, బొత్తాం ఎటువైపున్నా సరే అది హారనును మోగించినట్టే చుట్టనూ లేపుతుంది. పాత హారనుకు ఒకే తీగ వచ్చి, రెండోది బండి చట్రం ద్వారానే ఎర్తు అయ్యే రకమైతే ఆ ఒక్క తీగను 86కు పెట్టి, 85ను చట్రానికి కలపాలి. లోపల డయోడు వున్న రిలే అయితే మాత్రం దాని మీద గీసిన బొమ్మ చూసి పాజిటివు, నెగటివు తేడా పాటించాలి.

అయిదు కాళ్ళ రిలే దొరికితే మధ్య కాలు మీద 87ఏ అని వుంటుంది. దాని జోలికి పోకండి. దానికి హారను తగిలిస్తే బొత్తాం నొక్కనంతసేపూ మోగుతుంది, నొక్కితే ఆగుతుంది! మా ప్రయోగశాలలో ఒక జట్టు ఇది చేసి చూపించింది, ప్రిన్సిపాలు గారు వచ్చేదాకా.

బ్యాటరీ పాజిటివు నుంచి 30కి వెళ్ళే తీగ కొత్తది, లావుది వెయ్యాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే మీటరుకు 0.007 ఓమే. మీటరున్నర తీగలో 8 ఆంపియర్లకు పోయేది 0.1 వోల్టు కూడా వుండదు. ఆ తీగలో 15 ఆంపియర్ల ఫ్యూజు వుండి తీరాలి, అదీ బ్యాటరీకి జానెడు దూరం లోపలే. ఫ్యూజు హారను పక్కన పెడితే ప్రయోజనం లేదు. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్యనున్న తీగ ఎక్కడైనా చట్రానికి రాసుకుని తొక్క వూడితే దాన్ని కాపాడేవాడెవడూ వుండడు. తిరుగు దారి కూడా అంతే ముఖ్యం. చట్రం మీద రంగు గీకి ఎర్తు ఇవ్వొచ్చు గాని, రెండు వర్షాకాలాలకు అక్కడ తుప్పు పడుతుంది. అంతే లావు తీగను బ్యాటరీ నెగటివుకే తీసుకెళ్ళడం నాకు నచ్చిన పద్ధతి. కొసలకు మెలేసి టేపు చుట్టడం కాకుండా లగ్గులు వేసి నొక్కించండి, పైన తొడుగు వెయ్యండి. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివు తీగ వూడదీసి పెట్టుకోవాలి. స్పానరు పాజిటివు మీద, దాని తోక చట్రం మీద తగిలిందంటే ఎలా వుంటుందో చూసినవాళ్ళనడిగితే చెబుతారు.

హారను మార్చితే బ్యాటరీ పోతుందని మెకానిక్కులు భయపెడతారు. ఇది సగమే నిజం. 8 ఆంపియర్లు పది సెకన్లు తీస్తే 80 కూలుంబులు. 5 ఆంపియర్-గంటల బ్యాటరీలో 18,000 కూలుంబులుంటాయి. అర శాతం కూడా కాదు. సెల్ఫు స్టార్టరు ఒక్క తడవకు దీనికి ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది, దానికి బ్యాటరీ ఏమీ అనుకోదు. బ్యాటరీకి చేతనవును, సన్న తీగకే చేతకాదు. అయితే 3 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీ, అదీ ముసలిది వున్న బండికి పెద్ద జోడీ తగదు. నిలబడ్డ బండిలో నొక్కగానే దీపాలు మసకబడితే అది బ్యాటరీ చెప్పే మాట. అలాంటి బండికి 2 లేక 3 ఆంపియర్ల మంచి ‘హెచ్’ బిళ్ళ ఒక్కటి చాలు.

బిగించే చోటు గురించి. హారను మోగేటప్పుడు దాని ఒళ్ళంతా వణుకుతుంది. అందుకే కంపెనీ వాళ్ళు దాన్ని సాగే ఉక్కు పట్టీ మీద వేలాడదీస్తారు. ఆ పట్టీని తీసేసి హారనును నేరుగా చట్రానికి బోల్టేస్తే, లేదా అది మడ్‌గార్డుకు ఆనుకుంటే, గొంతు పట్టేసినట్టవుతుంది. పట్టీతో సహా పెట్టాలి. చుట్టూ వేలు దూరేంత ఖాళీ వుండాలి. మూతి ఎటు? గాలిలో ధ్వని వేగం మన ఎండలకు సెకనుకు 349 మీటర్లనుకుంటే, 420 కంపనాల తరంగదైర్ఘ్యం 83 సెంటీమీటర్లు. ఇంత పొడుగు తరంగం హారను ఎటు తిరిగి వున్నా చుట్టూ పరుచుకుంటుంది. కాని బిళ్ళ హారను పదును దాని ఉపస్వరాల్లో వుంది, 2000 నుంచి 3500 కంపనాల మధ్య. మన చెవి బాగా పట్టుకునేదీ ఆ ప్రాంతమే. 3000 కంపనాలకు తరంగదైర్ఘ్యం 12 సెంటీమీటర్లే. ఇది టార్చి వెలుగులాగ ముందుకు పోతుంది, అడ్డం వస్తే ఆగుతుంది. అంచేత బిళ్ళ రకాన్ని రోడ్డు వైపు ముఖం పెట్టి బిగించాలి, లెగ్‌గార్డు వెనకో, సైలెన్సరు పక్కనో దాచకూడదు. నత్తగుల్ల రకానికి మూతి కిందికో, కిందికి వాలి ముందుకో వుండాలి. పైకి పెడితే మొదటి వానకే గుల్ల నిండా నీళ్ళు. సిలిండరు రెక్కలకు తగిలే గాలికి గాని, రేడియేటరుకు గాని అడ్డం రాకూడదు. బిగించాక హ్యాండిలును ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పి, ముందు ఫోర్కును నొక్కి, టైరుకూ తీగలకూ తగలడం లేదని చూసుకోండి. కొత్త రంధ్రాలు చట్రానికి కొట్టవద్దు.

వెనక చిన్న స్క్రూ ఒకటి వుంటుంది. పాయింట్ల ఎడాన్ని మార్చేది అది. దాన్ని కొద్దికొద్దిగా, పావు చుట్టు మించకుండా తిప్పుతూ స్వచ్ఛంగా పలికే చోట ఆపాలి. తిప్పేకొద్దీ కరెంటు పెరుగుతుంది గనక దారిలో ఆమ్మీటరు పెట్టుకుంటే మంచిది. మధ్యలో పెద్ద నట్టున్న రకమైతే ఆ నట్టును ముట్టుకోకండి. ఇది చేసేటప్పుడు చెవుల్లో దూది కాదు, సరైన చెవి బిరడాలు పెట్టుకోండి. 2 మీటర్ల దగ్గర 110 వుండే హారను, మీరు వంగి అర మీటరు దూరం నుంచి వింటే 122 అవుతుంది. చెవికి 85 డెసిబెల్లు ఎనిమిది గంటలు ఫరవాలేదని, ఆపైన ప్రతి 3 డెసిబెల్లకూ సమయం సగం చేయాలని ఒక లెక్క వుంది. 100కు పదిహేను నిమిషాలు. 115కు అర నిమిషం కంటె తక్కువ. ఈ లెక్క కూడలిలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబులుకు, రోడ్డు పక్క పుచ్చకాయలమ్మే ముసలమ్మకు కూడా వర్తిస్తుంది. వాళ్ళకు చెవి బిరడాలు లేవు.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 119వ నియమం హారను గురించే. హారను భారత ప్రమాణం ఐ.ఎస్. 1884కు తగ్గట్టు వుండాలి. ఒకదాని తర్వాత ఒకటిగా రకరకాల స్వరాలు పలికే హారన్లు, కర్కశంగా, చెవులు చిల్లులు పడేలా మోగేవి నిషిద్ధం. అంబులెన్సు, అగ్నిమాపక దళం, పోలీసు వంటి వాళ్ళకు మాత్రం మినహాయింపు. మన ‘ఎల్’, ‘హెచ్’ జోడీ రెండు స్వరాలను ఒకేసారి పలుకుతుంది, వరస మార్చి పాడదు గనక ఈ ‘వరస స్వరాల’ నిషేధం కిందికి రాదు. డబ్బా మీద ప్రమాణం గుర్తు వున్నదే కొనండి. సినిమా పాటలు పాడే హారన్లు, కంప్రెసరుతో గాలి వూదే హారన్లు నేను బిగించి పెట్టను, బిగించడం చెప్పను కూడా. ఆ గాలి హారను ఒక్కటే 18, 20 ఆంపియర్లు లాగుతుంది. అది లారీకి వినిపించడం నిజమే, కాని లారీకీ మీకూ మధ్య వున్న సైకిలువాడు వులిక్కిపడి పక్కకు పడితే ఆ లెక్క ఎవరు కడతారు?

2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమావళి ప్రకారం ఆస్పత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ నూరు మీటర్లు నిశ్శబ్ద మండలం. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్లు హద్దు. 2010 సవరణతో నిశ్శబ్ద మండలంలో ఎప్పుడూ, నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా హారను కొట్టడమే నిషేధించారు, అత్యవసరమైతే తప్ప. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 194ఎఫ్ సెక్షను కింద అవసరం లేకుండా హారను కొడితే మొదటిసారి వెయ్యి రూపాయలు, ఆ తర్వాత రెండు వేలు జరిమానా. ముంబయి పోలీసులు 2020 జనవరిలో ఒక వీడియో విడుదల చేశారు. కొన్ని కూడళ్ళలో సిగ్నలుకు డెసిబెల్ మీటరు తగిలించి, ఆగివున్న బళ్ళ హారన్ల మోత 85 దాటితే ఎర్రదీపం లెక్క మళ్ళీ మొదటికి వచ్చేలా చేశారు. ఎంత కూస్తే అంతసేపు ఆగాలన్నమాట. మన సైకిలు స్టాండు గేటుకు అలాంటిదొకటి తయారుచేద్దామని ఎలక్ట్రానిక్సు విద్యార్థులకు చెప్పి వుంచాను.

ఇంతకీ ఆ కుర్రాడి బండి. ఒక శనివారం మధ్యాహ్నం రిలే, ఫ్యూజు, మీటరున్నర లావు తీగ, నాలుగు లగ్గులు తెచ్చుకుని, కాలిన బొత్తాన్ని మార్చుకుని, తానే కూర్చుని వేసుకున్నాడు. గంటన్నర పట్టింది. మళ్ళీ మీటరు పెడితే హారను దగ్గర పన్నెండుకు దగ్గరగా చూపించింది. డూప్లికేటు సరుకన్న హారనే అది. పరీక్ష మాత్రం కాలేజీలో చెయ్యనివ్వలేదు, వూరి బయట చెరువు గట్టుకు పంపాను.

మీలో ఎవరైనా బిగించుకుంటే మొదటి వాన తర్వాత ఒకసారి నొక్కి చూడండి. గొంతు బొంగురుపోతే లోపల నీరు చేరిందన్నమాట, విప్పి మూతి కిందికి వంచి ఒక పూట ఎండలో పెడితే సర్దుకుంటుంది. రిలేను కాళ్ళు కిందికి వుండేట్టు సీటు కింద కట్టండి. 15 ఆంపియర్ల ఫ్యూజులు రెండు టూల్ కిట్టులో వేసుకోండి. పాత హారనును పారెయ్యకండి, బండి అమ్మేటప్పుడు కావాలంటారు.